పారవేయదగిన పదును

1895వ సంవత్సరంలో ఒకనాటి ఉదయం. అమెరికాలో బోస్టన్ నగరం చెంతనున్న బ్రూక్‌లైన్‌లో నలభయ్యేళ్ల సేల్స్‌మన్ ఒకడు గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలుచున్నాడు. కత్తి మొండిబారింది. తోలుపట్టీ మీద ఎంత నూరినా ప్రయోజనం కనిపించలేదు. సానపట్టేవాని వద్దకు పంపక తప్పదు. కత్తిని చేతబట్టుకొని చూస్తూండగా ఆయనకొక ఆలోచన తట్టింది. గడ్డం గీసేది వెంట్రుకవాసి అంచు మాత్రమే కదా! ఆ అంచు కోసం ఇంత ఉక్కును సాగగొట్టి, ఏళ్లతరబడి దానికి పరిచర్య చేయడం దేనికి?

ఆయన పేరు కింగ్ క్యాంప్ జిల్లెట్. సీసాలకు బిగించే లోహపు మూతను కనిపెట్టిన విలియం పెయింటర్ కంపెనీలో ఆయన ఉద్యోగి. ఒకసారి వాడి పారవేసే వస్తువేదైనా కనిపెట్టమనీ, అప్పుడు కొన్నవాడే మళ్లీ మళ్లీ వస్తాడనీ పెయింటర్ ఆయనకు హితవు చెప్పాడు. ఆ మాట అద్దం ముందు అర్థమైంది.

భద్రమైన రేజర్లు అప్పటికే లేకపోలేదు. న్యూయార్కుకు చెందిన కాంఫ్ సోదరులు 1880లోనే ఒకదానికి పేటెంటు పొందారు. అయితే అందులోని దళసరి కత్తిని సైతం నూరుకోవలసిందే. జిల్లెట్ కోరినది కాగితంవలె పలుచనైన, నూరనక్కరలేని రేకు. గడియారపు స్ప్రింగులకు వాడే ఉక్కుపట్టీ, కొంత ఇత్తడి, ఒక ఆకురాయి కొని తెచ్చి ఆయన మొదటి నమూనాను తయారుచేశాడు.

ఉక్కు లొంగలేదు

తర్వాతి ఆరేళ్లు నిరాశతోనే గడిచాయి. ఉక్కును ఎర్రగా కాల్చి చప్పున చల్లార్చితే గట్టిపడుతుంది. కాని పలుచని రేకును అలా చేస్తే వంకరలు పోతుంది. అంత పలుచని రేకుకు పదును నిలవదని లోహశాస్త్రజ్ఞులు తేల్చిచెప్పారు. వారి విద్య తనకు తెలిసివుంటే ఆనాడే మానుకొనేవాడినన్న భావాన్ని జిల్లెట్ తర్వాత వ్యక్తం చేశాడు.

ఆ చిక్కుముడి విప్పినవాడు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివిన విలియం ఎమరీ నికర్సన్. 1901లో ఆయన ఈ పనికి పూనుకొని, రేకులను వంకరపోకుండా గట్టిపరచే పద్ధతినీ, పదునుపెట్టే యంత్రాలనూ రూపొందించాడు. రేజరు మరను బిగించినప్పుడు వంగే రేకు అటూ ఇటూ కదలక దృఢంగా నిలుస్తుంది. జిల్లెట్ పేటెంటులోని కీలకం అదే.

కంపెనీకి నికర్సన్ పేరు మాత్రం దక్కలేదు. ఆంగ్లంలో 'నిక్' అంటే గాటు. రేజరుకు అది అచ్చిరాని పేరని భాగస్వాములు తలచారంటారు! జిల్లెట్ ముఖం, సంతకం బ్లేడు కాగితాలకెక్కి ప్రపంచమంతా తిరిగాయి. నికర్సన్ పేరు ఎరిగినవారు నేటికీ అరుదు.

1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడులు. మరుసటి ఏడాది రేజర్ల సంఖ్య 90 వేలు దాటింది. 1904 నవంబరు 15న 775,134 సంఖ్యగల పేటెంటు మంజూరైంది. రేజరును చవకగా ఇచ్చి బ్లేడుల మీద లాభం తీయడమే జిల్లెట్ సూత్రమని నేటికీ చెప్పుకొంటారు. నిజానికి పేటెంటు అమలులో ఉన్న కాలమంతా ఆ రేజరు వెల 5 డాలర్లు. ఆనాటికది చిన్న మొత్తం కాదు. 1921లో గడువు తీరిన తరుణంలోనే పాత నమూనా వెల ఒక డాలరుకు దిగింది. అంతకుముందే, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లు కొన్నది. యుద్ధం ముగిశాక వారు ఆ అలవాటును ఇళ్లకు తీసుకువెళ్లారు.

కలలోని పింగాణీ నగరం

ఇదే జిల్లెట్ 1894లో 'ది హ్యూమన్ డ్రిఫ్ట్' అనే గ్రంథం ప్రచురించాడు. సర్వ దుఃఖాలకూ మూలం పోటీయేనని అందులో వాదించాడు. నయాగరా జలపాతపు విద్యుత్తుతో నడిచే ఒక మహానగరంలో కోట్లాది ప్రజలు నివసించాలనీ, దాని సౌధాలు ఉక్కుతోనూ పింగాణీ పలకలతోనూ నిర్మించాలనీ కలగన్నాడు. పోటీని ద్వేషించిన ఆ మనిషికి సంపద తెచ్చిపెట్టింది మాత్రం, పోటీదారులను పదిహేడేళ్లు దూరంగా నిలిపిన ప్రభుత్వపు హక్కుపత్రం!

ఆ సంపదా నిలవలేదు. 1930లో ప్రత్యర్థి కంపెనీతో పేటెంటు వివాదం విలీనంతో ముగిసింది, పెత్తనం చేజారింది. ఆర్థికమాంద్యం ఆస్తిలో అధికభాగాన్ని హరించింది. నికర్సన్ 1930లోనూ, జిల్లెట్ 1932లోనూ కన్నుమూశారు. పింగాణీ నగరం కాగితం మీదనే మిగిలింది.

ఉక్కురేకు మాత్రం బ్రతికింది. 1960వ దశకంలో తుప్పుపట్టని ఉక్కు వచ్చింది; 1998 నాటికి వజ్రాన్ని పోలిన కర్బనపు పూత అంచును కప్పింది. మన ఊళ్ల క్షౌరశాలల్లో నేడు కూడా కొత్త బ్లేడును కాగితంతోనే రెండుగా విరిచి, సగాన్ని పిడిలో బిగిస్తారు. పని కాగానే పారవేస్తారు. ఒకరి రక్తం మరొకరికి సోకరాదన్న జాగ్రత్త అది. లాభం కోసం పుట్టిన ఆ పారవేతే, నేడు అపరిచితుని కంఠానికి రక్షణగా నిలిచింది.