విశ్రాంతికి వయస్సెంత?

షష్టిపూర్తి మన యిండ్లలో గొప్ప పండుగ. అరువదియేండ్లు బ్రదుకుట అరుదైన కాలమున అది మరింత సంబరము. స్వాతంత్ర్యము వచ్చునాటికి భారతీయుల సగటు ఆయుర్దాయము ఇంచుమించు 32 ఏండ్లు. నేడు సుమారు 70 ఏండ్లు. శిశుమరణములు తగ్గుట దీనికి ముఖ్యకారణము. ఐనను పెద్దల ఆయువు కూడ పెరిగినది. అరువదవయేట నున్నవారు నేడు సగటున మరి 18 ఏండ్లు జీవించుచున్నారు. ఆ కాలమునకగు వ్యయమును ఎవరు భరింపవలెను?

విరమణ వయస్సు ప్రభుత్వములు పెట్టిన గడువు. జర్మనీ 1889లో వృద్ధుల పింఛను చట్టము చేసినప్పుడు 70 ఏండ్లను హద్దుగా నిర్ణయించెను. 1916లో దానిని 65కు దించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1983లో, నిరుద్యోగులకు చోటు కల్పింపవలెనని 58ని 55 చేసిరి. మరుసటి యేడే మరల 58 చేసిరి. విభజనానంతరము ఆంధ్రప్రదేశమున అది 2014లో 60, 2022లో 62 అయినది. తెలంగాణమున 2021లో 61 అయినది. మనుష్యుని సత్తువ ఇన్నిమారులు పెరిగి తరుగలేదు. మారినవి ప్రభుత్వముల అవసరములు.

పెద్దలు తొలగిననే పిన్నలకు పని దొరకునను వాదము సగము సత్యము. సంపాదించువాడు వ్యయము చేయును. ఆ వ్యయము వేరొకరికి పని కల్పించును. కాని ప్రభుత్వ కొలువులు లెక్కపెట్టినవి. ఉపాధ్యాయుడు రెండేండ్లు అదనముగా నుండినచో, డి.ఎస్.సి.కై చదువుచున్న యువకుడు అంతకాలమును వేచియుండవలసినదే. అతని బాధ యథార్థము. అట్లని అందరిని త్వరగా ఇంటికి పంపుటయు సులభము కాదు. తెలుగునాట నేడు స్త్రీకి సగటున ఇద్దరికంటె తక్కువ సంతానము. పింఛను పొందువారు పెరిగి, పన్ను కట్టువారు తగ్గినచో, ఆ భారము నేటి విద్యార్థులపైననే పడును.

మరి విరమణయే యెరుగని శ్రామికుల మాట యేమి? నాట్లు వేయు కూలికి అరువదికి ముందే నడుము వంగును. ఈ భేదమును ప్రభుత్వమే గుర్తించినది: రెండు తెలుగు రాష్ట్రములలోను చేనేతవారికి, గీతకార్మికులకు 50వ యేటనే పింఛను ఏర్పరచిరి. కుర్చీలో కూర్చుండువానికిని బరువులు మోయువానికిని ఒకే హద్దు చాలదనుటకు ఇదియే నిదర్శనము.

జపానులో 2021 నుండి అమలగుచున్న చట్టము, కోరినవారికి 70 ఏండ్లవరకు పని చూపుటకు యత్నింపుడని యజమానులకు విధించినది. మన పాఠశాలలలోను, చివరి యేండ్లలో గురువు సగము తరగతులను, సగము జీతమును క్రొత్తవానికి విడిచి, అతనికి బోధనలో మెలకువలు నేర్పవచ్చును. అప్పుడు యువకుని నిరీక్షణ తగ్గును. వృద్ధుని అనుభవము వృథాపోదు.