పొగమంచులో పికప్ బండి.. 13 నిమిషాల కోసం ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు! షాద్‌నగర్ హైవేపై డ్రైవర్లు తెలుసుకోవాల్సిన లెక్క ఇదీ

షాద్‌నగర్: తెల్లవారుజామున 4 గంటలు. బొలెరో పికప్ నిండా టమాటా ట్రేలు. పైన తాడిపత్రి, గట్టిగా కట్టిన తాళ్లు. బోయిన్‌పల్లి మార్కెట్‌కు టైంకు చేరితేనే మంచి రేటు. లేటైతే బేరాలు అయిపోతాయి, రేటు పడిపోతుంది. ఇంత తొందరలో బండి హైవే ఎక్కగానే ఎదురయ్యేది పొగమంచు. బానెట్ తప్ప ముందు ఏమీ కనపడదు. అయినా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది.

అమెరికా, కెనడాల్లో మంచు కురిసిన రోడ్లపై పికప్ ట్రక్కులు జారిపోయే వీడియోలు ఫోన్లలో చూస్తూనే ఉంటాం. మన దగ్గర ఆ మంచు పడదు. కానీ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా 44వ నంబర్ జాతీయ రహదారిపై కమ్మేసే పొగమంచు తక్కువ ప్రమాదకరమేమీ కాదు. అక్కడ బండి జారుతుంది, ఇక్కడ రోడ్డే కనపడదు. రెండు చోట్లా కాపాడేది ఒక్కటే.. స్పీడ్ తగ్గించడం.

పొగమంచు ఎందుకు కమ్ముతుంది?

చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, అందులోని తేమ సన్నని నీటి తుంపరలుగా మారుతుంది. అదే పొగమంచు. గాలి వీచకపోతే అక్కడే నిలబడిపోతుంది. చెరువులు, తడి పెట్టిన పొలాలు, పల్లపు ప్రాంతాల దగ్గర ఇంకా చిక్కగా ఉంటుంది. అందుకే ఒక కిలోమీటరు రోడ్డు క్లియర్‌గా కనిపించి, వంతెన దిగగానే ఒక్కసారిగా తెల్లటి గోడ అడ్డం వచ్చినట్టు ఉంటుంది. తెల్లవారుజాము నుంచి పొద్దెక్కే దాకా, అంటే సరిగ్గా కూరగాయలు, పూలు, పాల బండ్లు తిరిగే టైంలోనే ఇది ఎక్కువ.

వాతావరణ శాఖ లెక్క ప్రకారం 200 మీటర్ల లోపే కనిపిస్తే అది దట్టమైన పొగమంచు. 50 మీటర్లు కూడా కనపడకపోతే అతి దట్టమైనది.

బండి ఆగడానికి ఎంత దూరం కావాలి?

ముందు ఆగి ఉన్న లారీ కనిపించింది. కాలు బ్రేక్ మీదకు వెళ్లడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. రోడ్డు మంచుతో తడిగా ఉంది, బండిలో లోడు ఉంది. అప్పుడు బండి పూర్తిగా ఆగడానికి పట్టే దూరం సుమారుగా ఇలా ఉంటుంది.

- గంటకు 40 కిలోమీటర్ల వేగంలో: 30 మీటర్లు
- 60 కిలోమీటర్ల వేగంలో: 53 మీటర్లు
- 80 కిలోమీటర్ల వేగంలో: 83 మీటర్లు

అంటే కనిపించేది 50 మీటర్లే అయితే, 60లో వెళ్తున్న బండి కూడా ఆగదు. డ్రైవర్ ఎంత సీనియర్ అయినా, ఎన్నేళ్లుగా ఆ రూట్‌లో తోలినా లెక్క మారదు. ఓవర్‌లోడు ఉన్నా, టైర్లు అరిగి ఉన్నా ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

కేశంపేట, కొందుర్గు వైపు ఊళ్ల నుంచి వచ్చే రోడ్లలో మరో చిక్కుంది. అక్కడ మధ్యలో డివైడర్ ఉండదు. ఎదురు బండి కూడా ఆగాలి కాబట్టి కనిపించే దూరంలో సగంలోనే మన బండి ఆగాలి. 50 మీటర్లు కనిపిస్తే 25 మీటర్లలో ఆగాలన్నమాట. అలాంటి చోట 30 దాటకపోవడమే మంచిది.

'నాలుగు' లెక్కపెట్టండి

పొగమంచులో 50 మీటర్లు ఎంతో కంటితో చెప్పడం కష్టం. దానికి సులువైన ఉపాయం ఉంది. ముందు ఒక బోర్డో, చెట్టో, కరెంటు స్తంభమో మొదటిసారి కనిపించగానే మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సెకన్లు లెక్కపెట్టండి. నాలుగు పూర్తవకముందే దాన్ని దాటేస్తే స్పీడ్ ఎక్కువైనట్టే. వెంటనే తగ్గించాలి.

స్పీడోమీటర్ చూడటం కూడా మర్చిపోవద్దు. పక్కన చెట్లు, ఇళ్లు సరిగా కనపడనప్పుడు బండి నెమ్మదిగానే వెళ్తున్నట్టు అనిపిస్తుంది. 40 అనుకుంటాం, ముల్లు 60 మీద ఉంటుంది.

లైట్లు.. అందరూ చేసే పొరపాటు

కనపడట్లేదని హైబీమ్ వేస్తారు. కానీ ఆ వెలుగు నీటి తుంపరలకు తగిలి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. ఉన్న చూపు కూడా పోతుంది. పొగమంచులో లోబీమ్ మాత్రమే వాడాలి. ఫాగ్ ల్యాంపులు ఉంటే అవి కూడా వేసుకోవాలి. అవి కింద బిగించి ఉంటాయి కాబట్టి వెలుగు రోడ్డును ఆనుకుని పడుతుంది. పసుపు బల్బు పెడితే మంచును చీల్చుకుని పోతుందని చాలామంది అనుకుంటారు. రంగు కంటే లైటు ఎంత కింద ఉంది, ఎటు చూస్తోంది అన్నదే ముఖ్యం.

నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం ఇంకో అలవాటు. దీంతో వెనక వచ్చేవాళ్లకు బండి ఆగి ఉందో, కదులుతోందో అర్థం కాదు. ఏ వైపు తిరుగుతున్నదీ తెలియదు. అవి బండి ఆగినప్పుడు వాడాల్సినవి.

పికప్‌లలో అసలు సమస్య వెనక వైపు. తాడిపత్రి కిందికి జారి టెయిల్ ల్యాంపులను కప్పేస్తుంది. పొలం దారి మట్టి అంటుకుని ఎర్ర లైటు మసకబారుతుంది. బయల్దేరే ముందు ఒక గుడ్డతో తుడిస్తే పని అయిపోతుంది. రేడియం స్టిక్కర్లు ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు రంగులో ఉండాలి. వెనక వచ్చే లారీ డ్రైవర్‌కు మొదట కనిపించేవి అవే.

ఖాళీ బండితో ఇంకో తిప్పలు

సరుకు దింపి తిరిగొచ్చేటప్పుడు బండి తేలికగా ఉందని స్పీడ్ పెంచుతారు. కానీ పికప్‌లో బరువంతా ముందు ఇంజిన్ దగ్గరే ఉంటుంది. లోడు లేకపోతే వెనక చక్రాలకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. తడి దుమ్ము మీద గట్టిగా బ్రేక్ కొడితే వెనక భాగం పక్కకు తిరుగుతుంది. మంచు కురిసే దేశాల్లో పికప్‌ల వెనక ఇసుక బస్తాలు వేసుకునేది ఇందుకే. ఇక్కడ బస్తాలు అక్కర్లేదు. బ్రేక్ ఒక్కసారిగా తొక్కకుండా, ముందే కాలు తీసి, గేరు తగ్గించుకుంటూ ఆపితే చాలు. ఏబీఎస్ లేని పాత బండ్లలో ఇది మరీ ముఖ్యం.

లోపల అద్దానికి ఆవిరి పడితే కిటికీ కొంచెం దించాలి. ఏసీ ఉంటే గాలిని అద్దం వైపు తిప్పాలి. చేత్తో తుడిస్తే మరకలు పడి, ఎదురు లైట్లు ఇంకా చెదిరిపోతాయి.

వెనక మనుషులను ఎక్కించొద్దు

ఇదే సీజన్‌లో పత్తి ఏరడానికి కూలీలను తెల్లారకముందే పికప్‌లు, ట్రాలీ ఆటోల్లో తీసుకెళ్తుంటారు. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టప్రకారం తప్పు. అంతకంటే పెద్ద విషయం, వెనక బాడీలో సీటు ఉండదు, బెల్టు ఉండదు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పొగమంచులో వెనక నుంచి లారీ తగిలితే మొదటి దెబ్బ వాళ్లకే. ఇంటికి అన్నం పెట్టే మనిషిని అలా కూర్చోబెట్టడం ఎవరికీ మంచిది కాదు.

అసలు కనపడకపోతే?

రోడ్డు మీద ఎక్కడంటే అక్కడ ఆపొద్దు. కొత్తూరు, తిమ్మాపూర్, నందిగామ చుట్టూ ఫ్యాక్టరీలు ఉండటంతో లోడు లారీల రాకపోకలు ఎక్కువ. పెట్రోల్ బంకు, దాబా, రాయికల్ టోల్‌ప్లాజా లాంటి చోట రోడ్డు దిగి ఆగాలి. పొద్దెక్కితే మంచు దానంతట అదే విడిపోతుంది.

బండి చెడిపోయి దారిలోనే ఆగితే మాత్రం వీలైనంత ఎడమకు తీయాలి. నాలుగు ఇండికేటర్లూ వేసి, కనీసం 50 మీటర్ల వెనక రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ పెట్టాలి. మనుషులు బండి వెనక నిలబడకుండా రెయిలింగ్ అవతలికి వెళ్లాలి. జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేస్తే సాయం వస్తుంది. ఎవరికైనా దెబ్బలు తగిలితే 108.

చివరిగా ఆ 13 నిమిషాల లెక్క

షాద్‌నగర్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో 20 కిలోమీటర్ల మేర పొగమంచు ఉందనుకుందాం. 70 స్పీడ్‌లో వెళ్తే ఆ దూరం 17 నిమిషాల్లో దాటుతారు. 40లో వెళ్తే 30 నిమిషాలు పడుతుంది. తేడా 13 నిమిషాలే. ఆ 13 నిమిషాలు కలిసిరావాలంటే ఇంటి దగ్గరే పావుగంట ముందు బయల్దేరితే సరిపోతుంది. రైతులు కూడా సరుకు ముందే లోడు చేయించి, 'తొందరగా పో' అని డ్రైవర్‌ను తరమకుండా ఉంటే మంచిది. టమాటా రేటు ఇవాళ పడితే రేపు లేస్తుంది. బండితో పాటు మనిషి పోతే మాత్రం తిరిగి రాడు.