విజిల్ మోగాక వచ్చే చంద్రుడు

మంగినపూడిలో సూర్యుడు సముద్రంలో మునగడు. మన వీపు వెనక, సరుగుడు చెట్ల అవతల, బందరు వైపు దిగిపోతాడు. తూర్పు తీరం కదా. ఈ ఒడ్డుకు సాయంత్రపు సొత్తంటూ ఉన్నది చంద్రుడే. పున్నమి నాడు పొద్దు ఇటు వాలే వేళకే అటు నీళ్లలోంచి లేస్తాడు. మొదట తోమని రాగిచెంబు అడుగులా ఎర్రగా, మసకగా ఉంటాడు. పావుగంట పోయాక పచ్చబడతాడు. ఆ తర్వాత నీళ్ల మీద వెలుగు పరుచుకుంటూ మన కాళ్ల దాకా వస్తుంది.

అది చూద్దామనే ఒక వైశాఖ పున్నమికి బెజవాడ నుంచి బయల్దేరి వెళ్లాను. ఆరు గంటలకు విజిల్ మోగింది.

"పదండమ్మా, పదండి, చీకటి పడుతోంది. పిల్లల్ని పిలవండి, బయటికి నడవండి" అంటూ కాపలా కుర్రాడు ఒడ్డు వెంట నడుస్తున్నాడు. ఇంకా చీకటి పడలేదు. వైశాఖంలో పొద్దు గుంకేసరికి ఆరున్నర అవుతుంది. అయినా ఎవరూ వాదించలేదు, నేనూ వాదించలేదు. చీకట్లో ఎవరైనా మునిగితే ముందు పరుగెత్తాల్సింది ఆ కుర్రాడే. అతని దగ్గర ఉన్నదల్లా ఒక విజిల్, చేతిలో ఒక టార్చి. అంతకు మించి ఇవ్వని మనం, అతన్ని ఆ విజిల్ ఊదొద్దని ఎలా అంటాం?

కృష్ణా డెల్టాలో ఎండ సంగతి తెలిసినవాళ్లకు ఆ ఆరు గంటల విలువ చెప్పనక్కర్లేదు. బెజవాడను తెల్లదొరల కాలంలోనే బ్లేజ్‌వాడ అన్నారు. మే నెలలో మధ్యాహ్నం వీధిలోకి వస్తే కొండల వేడి, రోడ్డు వేడి కలిసి మొహానికి కొడతాయి. బందరు రోడ్డెక్కితే డెబ్బై కిలోమీటర్ల దూరంలో బందరు, అక్కణ్నుంచి మరో పదకొండు కిలోమీటర్లకు సముద్రం. ఇప్పుడు నాలుగు వరసల రోడ్డు కూడా పడింది. పని ముగించుకుని మూడింటికి బయల్దేరిన సంసారం ఐదింటికి తీరం చేరుతుంది. ఇసుక కాలకుండా కాలు పెట్టే వేళ అది. గాలి తిరిగి, ఒంటికి ప్రాణం లేచొచ్చే వేళ కూడా అదే. సరిగ్గా అప్పుడే లేవమంటారు. ఎండలో వచ్చినవాళ్లకు ఎండలో ఉన్నంతసేపే సముద్రం.

మా చిన్నప్పుడు విజిల్ లేదు. దాని పని ఆఖరి బస్సు చేసేది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొడితే, తడిబట్టలతోనే మా అమ్మ మమ్మల్ని రెక్కపట్టి లాక్కెళ్లేది. నలభై ఏళ్లు గడిచాయి. బస్సుల బదులు షేర్ ఆటోలొచ్చాయి, కార్లొచ్చాయి. ఒడ్డు మీద సాయంత్రం మాత్రం అప్పుడెక్కడ ఆగిందో ఇప్పుడూ అక్కడే ఆగుతోంది.

ఆ రోజు ఒడ్డున పిడత కింద పప్పు అమ్మే ఆవిడ పక్కన కూర్చున్నాను. బుట్టలో మరమరాలు, కారప్పూస, వేరుశనగపప్పు కలిపి గుట్టగా పోసి, గుట్ట మీద బొగ్గుల పిడత పెట్టుకుంది. ఆ వేడికి పప్పు కరకరమంటుంది. అడిగిన మనిషికి దోసెడు తీసి, ఉల్లిముక్కలు, పచ్చిమిరప, కొత్తిమీర వేసి, నిమ్మచెక్క పిండి, కాగితం పొట్లంలో పోసిస్తుంది. ఇది పుట్టుకతోనే సాయంత్రపు తిండి. మధ్యాహ్నం మూడింటికి దీన్ని ఎవరడుగుతారు? మజ్జిగో సోడానో అడుగుతారు.

"నాలుగున్నర నుంచి ఆరు. ఆ గంటన్నరే నా బేరం బాబూ" అంది. "ఆరున్నరకి ఆకలేసే పిల్లలు ఆరింటికే కారెక్కిపోతారు. ఎక్కడో రోడ్డు మీద ఆపి ఏదో కొనుక్కుంటారు."

మిగిలిన సరుకు సంగతి అడిగితే పిడత పక్కకు జరిపి, చేత్తో కాసిని మరమరాలు తీసి నా అరచేతిలో పోసింది. పిడత కిందివి పెళపెళలాడుతున్నాయి. బుట్ట అంచునున్నవి అప్పుడే మెత్తబడ్డాయి. సముద్రగాలిలో ఉప్పుతడి ఉంటుంది. రాత్రంతా ఆ తడి పీల్చుకున్న మరమరాలు మర్నాటికి రబ్బరులా సాగుతాయి. తరిగిన ఉల్లిపాయలు కంపు కొడతాయి. అంటే మిగిలింది మిగిలినట్టే పారబోత. అందుకే ఆవిడ సరుకు తక్కువ తెస్తుంది. తక్కువ తెస్తుంది కాబట్టి జనం విరగబడే ఆదివారాల్లో చాలదు. చేపలు వేయించే పాకలదీ అదే తంటా, వాళ్లకు పైన ఐసు ఖర్చు. సాయంత్రం రెండున్నర గంటలు పొడిగిస్తే ఆ బుట్టకు ఎంత తేడా పడుతుందో లెక్కగట్టడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు.

ఇక భయం సంగతి. దాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు డెల్టా మనిషికి లేదు. 1864 నవంబరు తుపానులో బందరు పట్నంలోకే సముద్రం వచ్చింది. ముప్పై వేల మంది పోయారంటారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊళ్లకు ఊళ్లు ఊడ్చుకుపోయింది. హంసలదీవి దగ్గరి పాలకాయతిప్ప పేరు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్లు మాట ఆపేస్తారు. 2004 డిసెంబరు 26 ఆదివారం, పైగా పున్నమి. స్నానాలకని మంగినపూడి ఒడ్డుకు చేరిన జనం మీదికి సునామీ అల వచ్చింది. సముద్రం ఎదుట కూర్చుని సరదాపడటం ఇక్కడివాళ్లకు గోవాలోలా సులువుగా అబ్బకపోవడానికి ఈ జ్ఞాపకాలే కారణమని నా నమ్మకం.

వీటికి తోడు ఏటేటా మునకలు. మంగినపూడి అడుగున చాలాచోట్ల ఇసుక కాదు, నల్లటి బంకమట్టి ఉంటుంది. పైన చూస్తే మోకాలి లోతే. అందుకే ధైర్యంగా దిగుతారు. కాలికింద మట్టి జారితే నిలదొక్కుకోలేరు. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ ఒకేచోట పాయగట్టి వెనక్కి పరుగెత్తుతాయి. జాలర్లు దాన్ని లాగుడు అంటారు. లాగుడులో పడ్డవాడు ఒడ్డుకేసి ఎదురీదితే అలసిపోతాడు. పక్కకు ఈదుతూ పాయ దాటితే బతుకుతాడు. సముద్రం ఎరగని పైవూళ్ల కుర్రాళ్లకు ఈ ఒక్క మాట చెప్పే బోర్డైనా అందరి కంటా పడేలా ఉండాలి. కార్తీక పున్నమికి గజ ఈతగాళ్లను, పడవల్ని పెడతారు. మిగతా ఆదివారాల్లో విజిలే గతి. పక్క బాపట్ల జిల్లాలోనూ ఇదే కథ. అక్కడ 2024 జూన్‌లో వరసగా మునకలు జరిగేసరికి సూర్యలంక వంటి తీరాలకే కొన్నాళ్లు జనాన్ని రానివ్వలేదు.

పోనీ బెజవాడలోనే ఉండి కృష్ణ ఒడ్డున సేదదీరదామా అంటే, 2017 నవంబరు 12 ఇంకా మరపుకు రాలేదు. కార్తీక ఆదివారం సాయంత్రం, భవానీ ద్వీపం నుంచి పవిత్ర సంగమానికి వెళ్తున్న పడవ ఫెర్రీ ఘాట్ దగ్గర బోల్తాపడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఆ పడవకు అనుమతి లేదని తర్వాత తేలింది. సంగమం దగ్గర హారతి చూడాలన్న చిన్న కోరిక వాళ్లది. జనానికి సాయంత్రం కావాలి. ఆ సాయంత్రాన్ని పద్ధతిగా అందించేవాళ్లు లేకపోతే, పద్ధతి లేనివాళ్లు అందిస్తారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నీటికీ గట్టుకూ ఒకే తాళం వేయనక్కర్లేదు. చెన్నై మెరీనా మనకు దూరమేం కాదు. అక్కడ సముద్రంలో స్నానం నిషేధం. సముద్రం అంత ప్రమాదకరం మరి. అయినా చీకటి పడ్డాకే మెరీనా నిండుతుంది. కొబ్బరి, మామిడి వేసిన బఠాణీ సుండల్ అమ్మేవాళ్లకు రాత్రిబేరమే బేరం. విశాఖలో ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని బజ్జీలు తినే సంసారాలు నీళ్లలో దిగడానికి రావు, గాలికి వస్తాయి. ఐదున్నరకు నీళ్ల దగ్గర తాడు కట్టేయండి, ఒక్కరినీ దిగనివ్వకండి. తాడుకు ఇవతల, సరుగుడు చెట్ల ముందు, ఎనిమిదిన్నర దాకా మమ్మల్ని కూర్చోనివ్వండి.

దానికి ఏం కావాలి? ముందు బందరుకు తిరిగి చేర్చే బస్సు, రాత్రి తొమ్మిదింటికి ఒకటైనా. తర్వాత ఆడవాళ్లకు మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు. ఆ రోజు ఒక కుటుంబాన్ని చూశాను. నలుగురు ఆడవాళ్లు ఒక చీరను నాలుగు కొసలా పట్టుకుని నిలబడితే, మధ్యలో పదిహేనేళ్ల పిల్ల తడిబట్టలు మార్చుకుంది. గాలికి చీర ఎగిరినప్పుడల్లా పిల్ల కింద కూలబడేది. పట్టుకున్న ముసలమ్మ చీర కొసను కాలితో తొక్కిపట్టి, కొంగుతో మిగతాది మూసింది. ఈ దృశ్యం నా చిన్నప్పుడూ ఇదే. తీర నియంత్రణ నిబంధనలు అడ్డమంటారేమో. 2019 నోటిఫికేషనే షరతులతో తీరంలో తాత్కాలిక పాకలకు, మరుగుదొడ్లకు, దుస్తులు మార్చుకునే గదులకు వీలు కల్పించింది.

దీపాల దగ్గర ఒక మాట. ఊరి జాతరలా స్తంభాలెత్తి తెల్లదీపాలు వేస్తే నేనే వద్దంటాను. ఈ తీరం మీద చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపే సముద్రం ఉందనుకుని నడుస్తాయి. కరెంటు దీపం ఉంటే రోడ్డు వైపు నడిచి చస్తాయి. దివిసీమ వైపు అటవీశాఖవాళ్లు గుడ్లు ఏరి, కంచెల్లో పొదిగించి, పిల్లల్ని నీళ్లలో వదులుతున్నారు. అలాంటి చోట దీపాలు నడుమెత్తుకు మించకూడదు. పసుపు రంగువై ఉండాలి, పైన మూత ఉండాలి, నీళ్ల వైపు పడకూడదు. తాబేళ్లొచ్చే నెలల్లో ఆర్పేయాలి. పున్నమి రోజైతే అసలు దీపమే అక్కర్లేదు.

చేయలేక కాదని మనకు తెలుసు. 2025 జూన్‌లో ఇదే ఒడ్డున మసులా బీచ్ ఫెస్టివల్ జరిగింది. పడవ పందేలు, కబడ్డీ, వేదిక, పాటలు, పోలీసు బందోబస్తు, దీపాల వరసలు. 2018లోనూ ఒకసారి జరిగింది. 2025లో ఆ నాలుగు రాత్రులు జనం ఒడ్డున ఉన్నారు, క్షేమంగా ఇళ్లకు చేరారు. ఐదో రోజుకు దీపాలు లారీలెక్కాయి. కిందటిసారి ఆ పండగ రోజుల్లో పప్పు అమ్మే ఆవిడ రెండు బుట్టలు తెచ్చిందట. రెండూ అయిపోయాయట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో ఉన్న సంబరం నాకింకా వినిపిస్తోంది.

రేపు ఇక్కడికి దగ్గర్లోనే బందరు రేవు పనిలోకి వస్తే లారీలొస్తాయి, క్రేన్లొస్తాయి, రాత్రంతా వెలుగుంటుంది. ఆ వెలుగు సరుకుకు. పిడత పెట్టుకున్నవాళ్ల కోసం ఇప్పటి నుంచే కొంచెం చోటు గీసి పెట్టమని అడుగుతున్నాను.

విజిల్ రెండోసారి మోగాక ఆవిడ పిడతలోని బొగ్గులు ఇసుకలో పోసి, నీళ్లు చల్లి ఆర్పింది. మిగిలిన మరమరాలు పాలిథిన్ సంచిలో మూటగట్టింది. ఇద్దరం ఒకే షేర్ ఆటో ఎక్కాం. ముందు చోటు లేక ఆవిడ వెనక, రోడ్డుకు మొహం పెట్టి ఉండే బల్ల మీద, బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. దారిలోని దత్తాశ్రమం దాటి కొంత దూరం వచ్చాక వెనక నుంచి నన్ను కేకేసి పిలిచింది.

"మీరడిగింది వచ్చింది బాబూ, చూడండి."

మెడ తిప్పితే అడ్డంగా నలుగురి తలలు. "మీకు కనిపిస్తోందా?" అని అడిగాను.

"నాకు నెలనెలా ఇక్కణ్నుంచే కనిపిస్తాడు" అంది.