లూఆవ్: హవాయి సముద్రతీర విందు, నృత్య ప్రదర్శన

1. పరిచయం

కిందటి పాఠంలో సాంస్కృతిక పర్యాటకం అంటే ఏమిటో, ఒక ప్రాంత ప్రజల ఆచారాలు, వంటలు, కళలు పర్యాటకులకు అమ్మే సరుకుగా ఎలా మారతాయో చదివారు. ఈ పాఠంలో ఒకే ఒక ఉదాహరణను తీసుకొని వివరంగా పరిశీలిద్దాం. అది హవాయి దీవుల్లో సముద్రపు ఒడ్డున పర్యాటకుల కోసం జరిపే 'లూఆవ్' అనే విందు. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న ఈ దీవులు 1959లో అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో యాభయ్యో రాష్ట్రమయ్యాయి. 1893 వరకు మాత్రం అవి సొంత రాజులు, రాణులు ఏలిన స్వతంత్ర రాజ్యం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పాఠం చివరి దాకా దీనితో పని ఉంటుంది.

మీరు హవాయి దీవి పడమటి తీరాన ఉన్న కైలువా-కోనా పట్టణానికి వెళ్లారనుకోండి. సాధారణంగా మనిషికి నూరు డాలర్లు దాటే టికెట్టు కొని, పొద్దు వాలకముందే ఒక హోటలు ఆవరణలో అడుగుపెడతారు. అక్కడివారు మీ మెడలో 'లేయ్' అనే దండ వేస్తారు. దాన్ని వద్దనడం, వేసినవారి ఎదుటే తీసేయడం అమర్యాద. పొడవాటి బల్లల ముందు కూర్చుంటారు. శంఖం ఊదుతారు. సూర్యుడు సముద్రంలోకి దిగుతుండగా నేలలో పాతి ఉడికించిన పందిని పైకి తీస్తారు. భోజనాలయ్యాక వేదిక మీద హులా నృత్యం మొదలవుతుంది. చివర్లో ఒక యువకుడు రెండు కొసలా మంటలున్న కత్తిని గిరగిరా తిప్పుతాడు. రెండున్నర, మూడు గంటల్లో అంతా ముగుస్తుంది.

చూసి వచ్చినవారు సాధారణంగా రెండు మాటల్లో ఏదో ఒకటి అంటారు. 'అది వాళ్ల ప్రాచీన సంప్రదాయం' అనేది ఒకటి. 'అంతా పర్యాటకుల కోసం పెట్టిన నాటకం' అనేది మరొకటి. మొదటి మాట అన్నవారికి చరిత్ర తెలియదు. రెండో మాట అన్నవారు, నా ఉద్దేశంలో, వేదిక మీద ఉన్న మనిషిని సరిగా చూడలేదు.

2. ఆకు పేరే విందు పేరు

హవాయి భాషలో విందును పూర్వం 'అహాఐన' అనేవారు. 'లూఆవ్' అంటే విందు కాదు, లేత చామాకు. ఆ ఆకును కొబ్బరిపాలలో కోడిమాంసంతోనో ఆక్టోపస్‌తోనో కలిపి వండిన కూరకూ అదే పేరు. విందులో తప్పక ఉండే కూర పేరు క్రమంగా విందుకే స్థిరపడింది. ఈ అర్థంలో మాట 1856 నాటికే హొనొలూలూ పత్రికలో కనిపిస్తుంది.

మనం చామదుంప అని పిలిచే మొక్క, హవాయి వారు 'కలో' అని పిలిచే మొక్క వృక్షశాస్త్రరీత్యా ఒక్కటే. పాలినీసియా ప్రజలు జంట పడవల్లో సముద్రం దాటి వచ్చినప్పుడు కొబ్బరి, అరటి, చెరకు, పందులు, కోళ్లతో పాటు దీన్నీ తెచ్చుకున్నారు. చామాకును సరిగా ఉడికించకపోతే గొంతు దురద పెడుతుందని మీ ఇంట్లో పెద్దవారిని అడిగితే చెబుతారు. మనం చింతపండు వేస్తాం, హవాయి వారు చాలాసేపు ఉడికిస్తారు.

దుంపను ఉడికించి, రాతి రోకలితో దంచి, నీరు కలిపి చేసే ముద్దను 'పోయ్' అంటారు. రెండు మూడు రోజులు ఉంచితే మన పులిసిన అంబలిలా పుల్లబడుతుంది. చిక్కదనాన్ని వేళ్లతో చెబుతారు: ఒక వేలితో తీయగలిగితే చిక్కనిది, మూడు వేళ్లు కావలసివస్తే పలుచనిది. పర్యాటకుల్లో చాలామంది దీన్ని రుచి చూసి, జిగురులా ఉందని నవ్వి పక్కకు నెడతారు. హవాయి పురాణగాథ ప్రకారం ఆకాశపురుషుడు వాకేఆకు పుట్టిన మొదటి బిడ్డ పురిట్లోనే చనిపోగా పాతిపెట్టారు. అక్కడ మొలిచిందే కలో మొక్క. తరువాత పుట్టిన తమ్ముడి నుంచి మనుషులు వచ్చారు. అంటే కలో వారికి అన్నగారు. పోయ్ గిన్నె మూత తీసి ఉన్నంతసేపు ఇంట్లో గొడవ పడకూడదనే ఆచారం దీని నుంచి వచ్చిందే.

3. 1819 నాటి భోజనం

ఇప్పుడు మీరు కూర్చున్న చోటును ఒకసారి గమనించండి. కైలువా-కోనాలో కమకహోను అనే చిన్న ఇసుక తీరం ఉంది. దీవులన్నింటినీ ఒక్క రాజ్యంగా కలిపిన మొదటి కమేహమేహ తన చివరి సంవత్సరాలు ఇక్కడే గడిపి, 1819 మే నెలలో ఇక్కడే మరణించాడు. నేడు దాని ఒడ్డున హోటలు ఉంది. పునర్నిర్మించిన పాత ఆలయం పక్కనే లూఆవ్ జరుగుతుంది.

అప్పటి సమాజాన్ని 'కపు' అనే నిషేధాల వ్యవస్థ శాసించేది. దాని ప్రకారం స్త్రీ పురుషులు కలిసి తినకూడదు. పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపండ్లు స్త్రీలు ముట్టకూడదు. కపును మీరితే మరణదండన కూడా పడవచ్చు. కమేహమేహ మరణించాక ఆయన భార్యల్లో ఇద్దరు, కాఅహుమాను, కెఓపూఓలాని, ఈ వ్యవస్థను ఎదిరించారు. కొత్త రాజు లిహోలిహో కెఓపూఓలానికి కన్నకొడుకు. అతడు కొన్ని నెలలు తటపటాయించి, 1819 నవంబరులో కైలువాలో జరిగిన విందులో స్త్రీల బల్ల దగ్గరకు వెళ్లి కూర్చొని వారితో కలిసి తిన్నాడు. దీన్ని 'ఐ నోఆ', అంటే నిషేధం లేని భోజనం అంటారు. ఆ వెంటనే ఆలయాలను పడగొట్టమన్న ఆజ్ఞ వెలువడింది. పాత ఆచారాలు విడవనన్న బంధువు కెకువాఓకలాని తిరగబడి, కైలువాకు దక్షిణాన కువమోఓ యుద్ధంలో మరణించాడు. పక్కన పోరాడిన అతని భార్య మనోనో కూడా అక్కడే నేలకొరిగింది.

ఇప్పుడు మీ పళ్లెం చూడండి. అందులోని పంది మాంసం, కొబ్బరిపాలతో చేసిన 'హౌపియా' అనే తీపి ముక్క, రెండూ 1819కి ముందు స్త్రీలకు దక్కనివి. ఆడా మగా ఒకే బల్ల దగ్గర కూర్చొని తినే లూఆవ్ అతి ప్రాచీనమైనది కాదు. ప్రాచీనమైన ఒక కట్టును తెంచుకున్న రోజు నుంచి మొదలైనది. ఈ సంగతి ప్రదర్శనలో వ్యాఖ్యాత చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు.

రాజుల కాలంలో ఈ విందులు ఎంత పెద్దవో ఒక జాబితా వల్ల తెలుస్తుంది. మూడో కమేహమేహ 1847లో హొనొలూలూ దగ్గర నువూఅను లోయలో ఇచ్చిన విందుకు 271 పందులు, 602 కోళ్లు, 482 పెద్ద సొరబుర్రల పోయ్ లెక్కకు వచ్చాయి. అదే జాబితాలో 'లూఆవ్' మాట కూడా ఉంది, కానీ పీపాల్లో నింపిన ఆకు కూరగా.

4. పళ్లెంలో ఏముంది?

పందిని ఉడికించే గుంటను 'ఇము' అంటారు. గుంటలో కట్టెలు పేర్చి, వాటి మీద అగ్నిపర్వతపు రాళ్లు వేసి ఎర్రగా కాలుస్తారు. చితకగొట్టిన అరటిబోదెలు పరిస్తే వాటి నీరే ఆవిరవుతుంది. ఉప్పు పట్టించిన పంది పొట్టలో కూడా కాలిన రాళ్లు పెట్టి, 'టి' మొక్క ఆకులతో కప్పి, గోనెపట్టా వేసి, మట్టితో మూస్తారు. ఆరేడు గంటల తరువాత మాంసం వేలితో తాకితే విడిపోతుంది. ఈ పద్ధతిలో వండినదే 'కాలూఆ'. పద్ధతి పాతదే. వాడే 'కియావే' కట్టె మాత్రం దక్షిణ అమెరికా చెట్టుది. హొనొలూలూలో మొదటి మొక్క నాటింది 1828లో. మన పొలంగట్ల మీద పెరిగే సర్కారు తుమ్మకు అది దగ్గర బంధువు.

మిగతా వంటకాలకూ ఇలాంటి చరిత్రే ఉంది. టమాటా, ఉల్లి ముక్కలతో కలిపే 'లోమి' చేప సాల్మన్. అది హవాయి సముద్రంలో దొరకదు. వాయవ్య అమెరికా తీరం నుంచి వ్యాపార నౌకల్లో ఉప్పు చేపగా వచ్చింది. కోడిమాంసంతో వండే సన్నని సేమ్యాల వంటకం చెరకు తోటల్లో పనికి వచ్చిన చైనా కూలీల వల్ల చేరింది. అనాస దక్షిణ అమెరికాది. వీటిని కల్తీ అనడం తొందరపాటు. మిరపకాయ లేని తెలుగు వంట ఊహించలేం కదా, అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చినదే.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డీన్ మెకానెల్ 1973లో ప్రతిపాదించిన ఒక భావన ఇక్కడ ఉపయోగపడుతుంది. పర్యాటకుడు ఎదుటి తెరను దాటి 'లోపలి' జీవితాన్ని చూడాలనుకుంటాడు. ఆ కోరికను గుర్తించిన నిర్వాహకుడు లోపలి భాగాన్నే మరో వేదికగా అమరుస్తాడు. ఇము తవ్వే తంతు దీనికి మంచి నిదర్శనం. వందలమంది ఫోటోలు తీసుకుంటుండగా పైకి తీసిన ఒక్క పంది వారందరికీ చాలదు. వడ్డించే మాంసంలో ఎక్కువ భాగం వంటశాల నుంచి రావలసిందే. తవ్వకం వంటలో భాగంగా ఉండటం మాని దృశ్యంగా మారింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: లూఆవ్‌లోని ఏ రెండు అంశాలు 1819 తరువాతి మార్పులను సూచిస్తాయి? ఎందుకు? సమాధానాన్ని మీ నోటుపుస్తకంలో ఐదు వాక్యాల్లో రాసి, ముందుకు చదవండి.

5. హులా నిషేధం, పునరుద్ధరణ

పూర్వం హవాయి భాషకు లిపి లేదు. వంశావళులు, దేవతల కథలు, పాలకుల కీర్తి, అన్నీ 'మెలే' అనే గేయాల్లోనే నిలిచాయి. వాటికి చేతులతో, పాదాలతో రూపం ఇచ్చేది హులా. కనుక హులాలో ముందు పాట, తరువాత నృత్యం. మాట అర్థం కాకపోతే చేతుల కదలిక అలంకారంగా మాత్రమే కనిపిస్తుంది. నేర్పే గురువును 'కుము హులా' అని, ఆ గురువు నడిపే శిక్షణాలయాన్ని 'హాలావ్' అని అంటారు.

1820లో క్రైస్తవ మతప్రచారకులు వచ్చారు. భోజన నిషేధాన్ని తెంచిన కాఅహుమానే ఆ మతం స్వీకరించి, 1830లో బహిరంగ హులాను నిషేధించింది. నృత్యం పల్లెల్లో, ఇళ్లలో చాటుగా బతికింది. రాజు కలాకౌఆ 1883లో తన పట్టాభిషేక ఉత్సవాల్లో హులాను రాజభవనం ముందుకు తెచ్చాడు. పాటల జాబితా ముద్రించినందుకు అశ్లీలత నేరం మోపి కేసు నడిపారంటే అప్పటి వ్యతిరేకత ఎంతటిదో ఊహించండి. 1886లో తన యాభయ్యో పుట్టినరోజుకు కలాకౌఆ మళ్లీ భారీ లూఆవ్, హులా జరిపించాడు.

ఏడేళ్లు తిరగకముందే పరిస్థితి తారుమారైంది. 1893 జనవరిలో అమెరికన్ వ్యాపార ప్రయోజనాలున్నవారు, అమెరికా నావికాదళం ఒడ్డున దిగి ఉండగా, రాణి లిలిఉఓకలానిని పదవి నుంచి తొలగించారు. 1896లో బడుల్లో బోధన ఇంగ్లీషులోనే జరగాలని చట్టం వచ్చింది. 1898లో దీవులు అమెరికాలో విలీనమయ్యాయి. పాట అర్థమయ్యేవారు తగ్గిపోతున్న కాలంలోనే, పాట అర్థం కానక్కర లేని ప్రేక్షకులు ఓడల్లో దిగసాగారు.

1937లో వైకీకీ తీరంలో కొడాక్ హులా షో మొదలైంది. రాత్రి వెలుతురు నాటి ఫిల్ముకు చాలేది కాదు కాబట్టి, పర్యాటకులు ఫోటోలు తీసుకోవడానికి వీలుగా పగలే నాట్యం చేయించేవారు. ఫిల్ము అమ్మకం కోసం పుట్టిన ఈ ప్రదర్శన 2002 వరకు నడిచింది. 1959లో రాష్ట్ర హోదా, జెట్ విమానాలు ఒకేసారి వచ్చాయి. ఆ ఏడాది దీవులకు వచ్చినవారు దాదాపు రెండున్నర లక్షలు. 2019 నాటికి కోటి దాటారు.

వేదిక మీది కార్యక్రమం కూడా ఈ క్రమంలోనే విస్తరించింది. వేగంగా నడుము కదిపే నృత్యం తాహితీది, దారానికి కట్టిన బంతుల ఆట న్యూజీలాండ్ మావోరీలది. మంటల కత్తి సమోవాది. కత్తి తిప్పడం పాతదే గాని, దానికి నిప్పు జోడించింది సమోవాకు చెందిన ఫ్రెడ్డీ లెటులి, 1946లో, అదీ శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఉకులేలే 1879లో మదీరా దీవి నుంచి వచ్చిన పోర్చుగీసు కూలీల వాయిద్యం నుంచి రూపొందింది. ఇవన్నీ కలిపి 'హవాయి' అని చూపితే వేర్వేరు జాతుల పేర్లు చెరిగిపోతాయి. కొందరు నిర్వాహకులు ఇందుకు ఒప్పుకోరు. మావీ దీవిలోని ఓల్డ్ లహైనా లూఆవ్‌లో మంటల కత్తి ఉండదు, హవాయి హులా మాత్రమే ఉంటుంది.

6. ఎవరి విందు?

హవాయి మూలవాసి, విశ్వవిద్యాలయ ఆచార్యురాలు హౌనాని-కే ట్రాస్క్ పర్యాటకాన్ని తీవ్రంగా విమర్శించారు. నేలను, పాలనను పోగొట్టుకున్న ప్రజల సంస్కృతిని, ముఖ్యంగా స్త్రీల దేహాలను, అమ్మకానికి పెట్టడమే ఇదని ఆమె వాదన. పోస్టుకార్డుల మీది హులా యువతుల బొమ్మలు చూస్తే ఆమె కోపం అర్థమవుతుంది.

అయితే మరో పక్కా ఉంది. 1970లలో హవాయి వారిలో గొప్ప సాంస్కృతిక మేల్కొలుపు వచ్చింది. 1976లో హోకులేఆ అనే జంట పడవ దిక్సూచి లేకుండా, నక్షత్రాల ఆధారంగా తాహితీ చేరింది. 1978లో హవాయి భాష రాష్ట్ర అధికార భాషల్లో ఒకటైంది. హీలో పట్టణంలో కలాకౌఆ పేరు మీద 1963లో మొదలైన మెర్రీ మోనార్క్ ఉత్సవంలో 1971 నుంచి హులా పోటీలు జరుగుతున్నాయి. అక్కడి ప్రేక్షకులకు పాట అర్థమవుతుంది. తప్పు జరిగితే పట్టుకుంటారు. హోటలు వేదిక మీద మీరు చూసే నర్తకి కూడా పగలు ఒక హాలావ్‌లో కుము ఎదుట నేర్చుకుంటూ ఉండవచ్చు. రాత్రి వచ్చే జీతంతోనే ఆ చదువు సాగుతూ ఉండవచ్చు. మీరు వెళితే విరామంలో ఆమెను ఏ హాలావ్‌లో నేర్చుకున్నారని అడగండి. 'మీ కాస్ట్యూమ్ బాగుంది' అనే మాటకు వచ్చే జవాబు కంటే పెద్ద జవాబు వస్తుంది.

2023 ఆగస్టు 8న మావీలోని లహైనా పట్టణం మంటల్లో కాలిపోయి నూరుమందికి పైగా చనిపోయారు. ఒకప్పుడు రాజధానిగా ఉన్న ఊరది. అక్టోబరులో ఆ ప్రాంతానికి పర్యాటకులను తిరిగి అనుమతించినప్పుడు, ఇంకా గూడు లేక హోటలు గదుల్లో తలదాచుకుంటున్న స్థానికులు అనేకులు ఇంత తొందర ఎందుకని నిరసించారు. పర్యాటకులు రాకపోతే అద్దె కట్టలేమని మరికొందరు అన్నారు. ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో వినబడిన సందర్భాలు ఉండే ఉంటాయి. ఓల్డ్ లహైనా లూఆవ్ 2024లో మళ్లీ తెరుచుకుంది.