పోయిన డిస్కులోంచి విండోస్ బొమ్మ ఎలా వచ్చింది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 పాత మెషీన్లలో చాలావాటిని దగ్గరికి రానివ్వదు కాబట్టి జనం కొత్తవి కొంటున్నారు, పాత డిస్కులు ఊడబీకి వాటిలో బిగిస్తున్నారు. ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చూడండి: “కొత్త కంప్యూటర్లో పాత హార్డ్ డిస్కు పెట్టాను. విండోస్ బొమ్మ వచ్చింది, కింద చుక్కలు తిరిగాయి, ఆ తర్వాత నీలం తెర. షాపతను డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టాలన్నాడు. పోయిన డిస్కులోంచి విండోస్ బొమ్మ ఎలా వచ్చిందండీ?”

ఈ ప్రశ్నకు జవాబు రాయకుండా నేనుండలేను.

వైర్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. 2003 నుంచి వస్తున్న సాటా డిస్కులకు డేటా వైరు, పవర్ వైరు నేటికీ అవే. బిగించడం పెద్ద పని కాదు. కథంతా స్విచ్ వేశాకే.

స్విచ్ వేయగానే లేచేది విండోస్ కాదు, మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. పాత బోర్డుల్లో అది బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. తన బోర్డు మీది డిస్క్ కంట్రోలర్‌తో ఎలా మాట్లాడాలో దానికి ముందే తెలుసు. బయోస్ కాలంలో అది డిస్కు మొదట్లోని 512 బైట్లు చదివేది. చివరి రెండు బైట్లు 55, ఏఏ అని కనిపిస్తే మరి ఆరా తీయకుండా పగ్గాలు ఆ బైట్లకే అప్పగించేది. అందులో 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు పోగా ప్రోగ్రాముకు మిగిలేవి 446. అంత ఇరుకులో డిస్కు చదివే విద్య ఎక్కడ పడుతుంది? అందుకే ఆ బుల్లి ప్రోగ్రాము ప్రతిసారీ బయోస్‌నే అడుగుతుంది, ఫలానా సెక్టారు తెచ్చిపెట్టమని. యూఈఎఫ్ఐలో ఈ 446 బైట్ల ఇరుకు లేదు గానీ అడిగి తెప్పించుకోవడం మాత్రం అదే తీరు. కెర్నెల్, రిజిస్ట్రీలో కావలసిన భాగం, కొన్ని డ్రైవర్లు, అన్నిటినీ విండోస్ లోడరు ఫర్మ్‌వేర్ చేతనే మెమొరీలోకి మోయిస్తుంది. మన పాఠకుడు చూసిన బొమ్మ, చుక్కలు ఈ ఎరువు సొమ్ముతో వచ్చినవే. డిస్కు నిక్షేపంగా ఉంది!

అసలు ఘట్టం ఇప్పుడు. కెర్నెల్‌ను నడిపించబోయే ముందు లోడరు “ఎగ్జిట్ బూట్ సర్వీసెస్” అనే పిలుపు ఇస్తుంది. దాంతో డిస్కు చదివిపెట్టే ఫర్మ్‌వేర్ సేవ బందు. ఇక కెర్నెల్ తన సొంత డ్రైవరుతోనే డిస్కు చదువుకోవాలి. ఆ డ్రైవరు అప్పటికే మెమొరీకి చేరి ఉంటే సరేసరి. లేకపోతే? డ్రైవరేమో డిస్కులో ఉంది, డిస్కు తెరవాలంటే డ్రైవరు కావాలి. తాళంచెవి పెట్టెలో పడేసి పెట్టెకు తాళం వేసినట్టయింది. నీలం తెర మీద “ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్” అని కనిపించేది ఈ అవస్థకే.

లోడరు ఏ డ్రైవర్లను మోసుకురావాలో ఎలా తెలుస్తుంది? రిజిస్ట్రీలో ప్రతి డ్రైవరుకూ “స్టార్ట్” అని ఒక అంకె ఉంటుంది. 0 అయితే లోడరే తేవాలి. 3 అయితే అవసరమైనప్పుడు చూసుకోవచ్చు. విండోస్ 7ను పాత ఐడీఈ పద్ధతిలో ఎక్కించి ఉంటే, ఆధునిక ఏహెచ్‌సీఐ పద్ధతికి కావలసిన డ్రైవరు డిస్కులో భేషుగ్గా ఉంటుంది, దాని అంకె మాత్రం 3. డిస్కు మార్చకముందే దాన్ని 0 చేస్తే చాలు, మెషీన్ లేస్తుంది. ఒక్క అంకె కోసం ఎన్ని డిస్కులు అన్యాయంగా ఫార్మాట్ అయిపోయి ఉంటాయో!

విండోస్ 8 నుంచి ఈ బాధ తగ్గింది, పోలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే కొత్త ఏర్పాటు డిస్కుకూ విండోస్‌కూ మధ్య నిలబడుతోంది. దాని డ్రైవరు పాత డిస్కులో ఎందుకుంటుంది?

షాపతన్ని అని లాభం లేదు. విండోస్ ఎక్స్‌పీలో ఇదే నీలం తెర వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ స్వయంగా ఇచ్చిన సలహాల్లో మొదటిది వైరస్ వెతుక్కోమనే! ఇదంతా దొంగ కాపీలు ఆపడానికి పెట్టిన అడ్డు అని వాదించేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే. లైసెన్స్ తనిఖీ వేరే తంతు, విండోస్ లేచాక గానీ మొదలవదు.

డాస్‌కు ఈ తిప్పలే లేవు. డిస్కులో ఏం కావాలన్నా అది చివరిదాకా బయోస్‌నే అడిగేది. సెక్టార్ల లెక్క రెండు బోర్డుల బయోస్‌లకూ కుదిరితే డాస్ డిస్కు ఎక్కడైనా లేచేది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ ఆ చేయి వదిలేసింది. మరేం చేస్తుంది? బయోస్‌ది 16 బిట్ల కాలపు నడక, డిస్కు చదివినంతసేపూ ప్రాసెసరు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒకేసారి నాలుగు పనులు చేసే సిస్టమ్‌కు అది కుదరదు.

లినక్స్ వాళ్ల ఉపాయం మాత్రం నాకు మహా ముద్దు. కెర్నెల్‌తోపాటు “ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్” అని ఒక డ్రైవర్ల మూటను కూడా ఫర్మ్‌వేర్ చేతనే మోయిస్తారు. డెబియన్ అందులో దాదాపు అన్ని రకాల డిస్క్ డ్రైవర్లూ కుక్కేస్తుంది. అందుకే ఆ డిస్కు ఏ మెషీన్‌లో పెట్టినా సాధారణంగా లేచి కూర్చుంటుంది. ఫెడోరా ఆ మెషీన్‌కు కావలసినవే కట్టి, అన్నీ ఉన్న మూట ఇంకొకటి ఆపద్ధర్మానికి పక్కన ఉంచుతుంది.

ఇంతా చదివాక “మరి నా ఫోటోలు?” అంటారని తెలుసు. ఫోటోల కోసం పాత విండోస్‌ను నిద్ర లేపడం దేనికండీ! కొత్త మెషీన్‌ను దాని సొంత విండోస్‌తో నడవనిచ్చి, పాత డిస్కును యూఎస్‌బీ డబ్బాలో పెట్టి కాపీ చేసుకోండి. డెస్క్‌టాప్‌లోంచి తీసిన మూడున్నర అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కావాలి, మామూలు యూఎస్‌బీ ఇచ్చేది 5. కాబట్టి సొంత అడాప్టరున్న డబ్బా కొనండి. పాత మెషీన్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ నడుస్తుంటే ఇంకో చిక్కుంది: తాళం తీసే రహస్యం పాత బోర్డులోని టీపీఎం చిప్‌లో ఉండిపోతుంది, కొత్త మెషీన్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో పాతదాన్ని అమ్మేయక ముందే చూసుకోండి.