మీకు తెలుసా? గ్యారేజీ తలుపు ఊడితే ఇంటి కప్పుకే ముప్పు!

1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను తాకినప్పుడు వేలాది ఇళ్ల కప్పులు దెబ్బతిన్నాయి. శిథిలాలను పరిశీలించిన ఇంజినీర్లకు చాలాచోట్ల ముందు విరిగింది గ్యారేజీ తలుపేనని తేలింది.

రెండు కార్లు పట్టే గ్యారేజీ తలుపు వెడల్పు దాదాపు 16 అడుగులు. పల్చటి రేకు పలకలు, అంచుల్లో చిన్న చక్రాలు, అవి నడిచే పట్టాలు: అంతే దాని బలం. గాలి తోపుకు తలుపు నడుమ వంగితే చక్రాలు పట్టాల్లోంచి ఊడొస్తాయి. లోపలికి జొరబడ్డ గాలి కప్పును కింది నుంచి నెడుతుంది. పైన వీచే గాలి అదే కప్పును పైకి లాగుతుంది. ఈ రెండు బలాలు కలిస్తే కప్పు లేచిపోవచ్చు.

ఆండ్రూ తర్వాత అక్కడ నిబంధనలు కఠినమయ్యాయి. 2002లో ఫ్లోరిడా అంతటికీ ఒకే భవన నియమావళి అమల్లోకి వచ్చింది. అక్కడ అంతకుముందు కట్టిన పాత ఇల్లు కొనే మనవాళ్లు వంటగది కంటే ముందు గ్యారేజీ తలుపు చూడాలి. ఎంత గాలి ఒత్తిడికి పరీక్షించారో తెలిపే చీటీ లోపలివైపు ఉందా? లేకపోతే తయారీదారును అడిగి, ఆ తలుపుకు సరిపడే ఉక్కు బద్దెలు వేయించవచ్చు. స్ప్రింగుల జోలికి మాత్రం సొంతంగా వెళ్లొద్దు. బిగువు మీదున్న స్ప్రింగు ఊడితే ప్రాణాలకే ప్రమాదం.