బొమ్మ విమానానికి బలమెంత?

పద్యంలో గణాలు కుదరకపోతే చెవికి తగులుతుంది. బొమ్మ విమానంలో లెక్క కుదరకపోతే నేలకే తగులుతుంది.

1957లో ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ వెండి–జింకు బ్యాటరీతో రేడియో విమానాన్ని ఎగరేశాడు. నేడు తేలికైన లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చాయి.

“మామయ్యా, కోతలయ్యాక జంపని చేలల్లో ఎగరేద్దాం. అన్నిటికన్నా పెద్ద మోటారు కొందాం!” అన్నాడు మా మేనల్లుడు.

“ముందు విమానం బరువు చెప్పరా” అన్నాను.

“కిలో.”

కిలోకు సుమారు 220 వాట్లుంటే హాయిగా ఎగురుతుంది. మూడు సెల్లుల బ్యాటరీ 11.1 వోల్టులు. భాగిస్తే 20 ఆంపియర్లు. కాబట్టి వేగాన్ని అదుపుచేసే కంట్రోలరు 30 ఆంపియర్లది ఉండాలి. 2200 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ పూర్తి వేగంతో ఆరున్నర నిమిషాలు వస్తుంది. అడుగంటా తోడితే అది చెడుతుంది గనుక ఐదో నిమిషానికే దింపాలి.

ప్రొపెల్లరు పెద్దదైతే మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. కంట్రోలరు కాలిందా, విమానం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం!

తల్లిదండ్రులకొక మనవి: ఉబ్బిన బ్యాటరీని చార్జి చేయనివ్వకండి, నిప్పంటుకోవచ్చు. మంచి బ్యాటరీ అయినా చార్జి అవుతున్నంతసేపూ పెద్దవారొకరు దగ్గరుండాలి. మోటారు మీద మిగిల్చిన డబ్బుతో మంచి చార్జరు కొనండి. అది ఇంటికి రక్ష.